కూర తినని పిల్లవాడికి పళ్లెంలో పడవ

తెనాలి నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మా అబ్బాయికి ఆరో ఏడు నడుస్తోంది. పెరుగన్నం, బంగాళాదుంపల వేపుడు తప్ప మరొకటి ముట్టడు. కూరముక్క నోట్లో పెడితే ఉమ్మేస్తాడు. మూడు రోజులకొకసారి గాని విరేచనం కాదు, అదీ ఏడుస్తూనే. మొన్న విసిగిపోయి కంచం ముందే చెయ్యి చేసుకున్నాను. వాడు ఏడ్చాడు, ఆ తరువాత నేనూ ఏడ్చాను. ఆకలి పుట్టడానికి టానిక్కు ఏదైనా రాయగలరా?"

టానిక్కు రాయను తల్లీ! మీ అబ్బాయికి కావలసింది మందుల సీసాలో లేదు, మీ ఇంటి కూరగాయల బుట్టలోనే ఉంది. దాన్ని వాడి నోటికి చేర్చే దారి మాత్రం మార్చాలి.

వాడిది మొండితనం కాదు

రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు కొత్త రుచి అంటే జంకడం సహజం. ఒకసారి వద్దన్నంత మాత్రాన ఆ కూర వాడికి ఎప్పటికీ పడదని అనుకోకూడదు. ఒక్కొక్క పదార్థం పదిసార్లు, ఒక్కోసారి పదిహేనుసార్లు కంటబడితే గాని కొందరు పిల్లలు దాన్ని రుచి చూడరు. మనం మూడోసారికే ఓపిక పోగొట్టుకుంటాం. కొట్టి తినిపిస్తే ఆ కూరకూ ఆ దెబ్బకూ వాడి మనసులో ముడి పడిపోతుంది. "బీరకాయ తింటే చాక్లెట్ ఇస్తాను" అన్నా ప్రమాదమే. బీరకాయ శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్లవుతుంది.

శ్రీరామనవమి పందిట్లో వడపప్పు పంచేటప్పుడు చూడండి. నానిన పెసరపప్పు, కీరదోస ముక్కలు, మామిడికాయ కోరు, కొబ్బరి - అన్నీ పచ్చివే. ఇంట్లో కూర వద్దనే పిల్లలు అక్కడ రెండోసారి చెయ్యి చాస్తారు. ఎవరూ బలవంతపెట్టరు, అందరూ తింటుంటారు, ఆ వాతావరణం సరదాగా ఉంటుంది. ఈ సూత్రాన్నే మన వంటింట్లోకి తెచ్చుకుందాం.

రంగుల్లో ఏముంది?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తీసుకునే పెద్దవారికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు అవసరం. ఆరేళ్లవాడికి అంత అక్కరలేదు గాని, వేపుడు దుంప ఒక్కటీ చాలదు.

క్యారెట్, బొప్పాయిల నారింజ రంగు కెరోటీన్‌ది. అది శరీరంలో ఏ విటమిన్‌గా మారి కంటిచూపుకు తోడ్పడుతుంది. జామపండులో సి విటమిన్ బత్తాయిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పప్పులో, ఆకుకూరలో ఉండే ఇనుము వంటికి పట్టడానికి ఆ విటమిన్ సాయం చేస్తుంది. జామలోని పీచు మీ అబ్బాయి మలబద్ధకానికీ మేలు చేస్తుంది. అయితే పీచుతో పాటు మంచినీళ్లు కూడా తాగించాలి సుమా!

వీటికి పనీర్ జత చేయండి. ఈనిన కొత్తలో వచ్చే పాలతో చేసే మన జున్ను వేరు, ఇది వేరు. లీటరు చిక్కటి పాలు కాచి, పొంగుతుండగా రెండు చెంచాల నిమ్మరసం పోసి విరగగొట్టి, పలుచని గుడ్డలో వడగట్టి బరువు పెడితే సుమారు 200 గ్రాముల పనీర్ వస్తుంది. అందులో మాంసకృత్తులూ కాల్షియమూ పుష్కలం. అందులోని కొవ్వు వల్ల క్యారెట్‌లోని కెరోటీన్ బాగా వంటబడుతుంది. బజారులో దొరికే చీజ్ ముక్కలు వాడితే వాటిలో ఉప్పు ముందే ఉంటుంది కనుక మళ్లీ ఉప్పు చల్లకండి.

మూడు పళ్లేలు

పడవ: లేత కీరదోసను నిలువుగా రెండు చెక్కలు చేసి గింజలు తీయండి. చిదిమిన పనీర్, క్యారెట్ తురుము, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి ఆ దొప్పలో నింపండి. పలుచని క్యారెట్ రేకును తెరచాపగా గుచ్చండి. అగ్గిపుల్లలూ, పళ్లు కుట్టుకునే పుల్లలూ వద్దు, గొంతులో గుచ్చుకుంటాయి.

సూర్యుడు: పళ్లెం మధ్యలో గుండ్రంగా అదిమిన పనీర్ బిళ్ల. చుట్టూ కిరణాల్లా బొప్పాయి ముక్కలు, గింజ తీసిన బత్తాయి తొనలు. కళ్లకూ నోటికీ దానిమ్మ గింజలు.

రైలుబండి: చతురస్రంగా కోసిన పనీర్ ముక్కలు పెట్టెలు. టమాటా చక్రాలు. ముందు జామముక్క ఇంజను. కొత్తిమీర రెబ్బలు పొగ. ఉడికించిన బీట్‌రూట్ ముక్క ఒకటి చివర తగిలిస్తే దాని రంగు పెట్టెలకు అంటుకుంటుంది, పిల్లలకు అదొక వినోదం. బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా కనిపిస్తే హడలిపోకండి, కొందరికి అలా అవుతుంది, హాని లేదు.

ఇందులో అసలు మందు బొమ్మ కాదు, దాన్ని ఎవరు పేరుస్తున్నారన్నది. మీరు చేసి ముందు పెడితే ఒకరోజు ముచ్చట. కత్తి పని మీరు చూసుకుని, కడగడం, తొనలు వొలవడం, నిమ్మచెక్క పిండడం, పేర్చడం వాడికి వదిలేయండి. తన చేత్తో కట్టిన రైలులో ఒక పెట్టె మాయమైతే ఎవరు తిన్నారని అడగకండి!

వేళ కూడా ముఖ్యమే. రాత్రి భోజనం దగ్గర యుద్ధం వద్దు. సాయంత్రం బడి నుంచి ఆకలితో వచ్చినప్పుడు, బిస్కెట్ల డబ్బా తీయకముందే ఈ ఆట మొదలుపెట్టండి. మీరూ, వాళ్ల నాన్నగారూ అదే పళ్లెంలోంచి తినండి. వాడు ఒక్క ముక్క నాకి పక్కన పెట్టినా ఏమీ అనకండి. నాకడం కూడా ఒక మెట్టే.

కొన్ని జాగ్రత్తలు

పచ్చిగా తినేవాటిని కోయకముందే, పారే నీటిలో చేతితో రుద్ది కడగాలి. కోసిన తరువాత కడిగితే విటమిన్లు నీటిపాలవుతాయి. నీరు నమ్మకమైనది కాకపోతే కాచి చల్లార్చిన నీటితో చివరిసారి కడగండి. చేతులూ, కత్తిపీటా శుభ్రంగా ఉండాలి. తినే ముందే కోయండి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి. పనీర్‌ను వేసవిలో బయట వదలరాదు, ఇంట్లో చేసినది రెండు రోజుల్లో వాడేయండి.

ఇంట్లో నాలుగేళ్ల లోపు చంటివాళ్లుంటే ద్రాక్షపండ్లను నిలువునా నాలుగు చీలికలు చేసి పెట్టండి. గట్టి క్యారెట్ ముక్కలు ఇవ్వకుండా తురిమిగాని ఉడికించిగాని ఇవ్వండి. వేరుశనగ గింజలు అసలే వద్దు. ఇవి గొంతుకు అడ్డం పడితే ప్రాణానికే ముప్పు. పరుగెడుతూ, నవ్వుతూ కాకుండా కూర్చోబెట్టి తినిపించండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

మీ అబ్బాయి విషయంలో ఒక మాట. విరేచనం నొప్పిగా అయ్యే పిల్లవాడు భయంతో బిగబట్టుకుంటాడు, దానితో అది మరింత గట్టిపడుతుంది. పొట్ట నిండుగా ఉంటే ఆకలీ మందగిస్తుంది. కనుక ఈ పళ్లేలు మొదలుపెడుతూనే ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. కొన్నాళ్లు మెత్తబరిచే మందు అవసరం కావచ్చు. రక్తం పడినా, పొట్ట ఉబ్బి వాంతులైనా, బరువు తగ్గుతున్నా, పాలిపోయి నీరసంగా ఉన్నా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు.

ఇక మీరు చెయ్యి చేసుకున్న సంగతి. అది తలచుకుని కుమిలిపోకండి. ఈ ఆదివారం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక కీరదోసకాయ చేతికిచ్చి, "పడవ చేద్దామా?" అని అడగండి. ఆ పూట తినకపోయినా ఫరవాలేదు. కంచం దగ్గర మీ ఇద్దరిలో ఎవరూ ఏడవకపోతే, ఆ రోజు వైద్యం పనిచేసినట్లే.