ఆ బటన్ మీద ఏం రాయాలి?

తెలుగు సినిమాకి అడ్రస్ ఏదంటే జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ అంటాం. సినిమాలో పడవ ఊగాలన్నా, కారు గాల్లోకి లేవాలన్నా, ఇల్లు ఒక పక్కకి ఒరగాలన్నా దాని కింద ఒక హైడ్రాలిక్ యంత్రం ఉంటుంది. దాన్ని నడిపే కంట్రోల్ ప్యానెల్ ఒక ఇనప పెట్టె. దాన్ని నడిపేది ఎక్కువగా తెలుగువాళ్లే, సినిమా తెలుగే, కింద నిలబడి అరిచే అసిస్టెంట్ డైరెక్టర్ కూడా తెలుగే. ఆ పెట్టె మీద మాత్రం ఒక్క తెలుగు అక్షరం ఉండదు. ఇది మామూలు విషయం కాదని, ఇది భాషాభిమానం గొడవ అసలే కాదని నా అభిప్రాయం.

ముందు సీఎస్ఈ వాళ్ల కోసం కాస్త హైడ్రాలిక్స్. ఒక మోటరు పంపుని తిప్పుతుంది. పంపు ట్యాంకులోని ఆయిల్‌ని పైపుల్లోకి తోస్తుంది. వాల్వులు ఆ ఆయిల్‌ని ఏ సిలిండర్‌లోకి, ఏ వైపు నుంచి పంపాలో నిర్ణయిస్తాయి. ప్యానెల్ చేసేదల్లా ఆ వాల్వుల కాయిల్‌కి కరెంటు ఇవ్వడం, ఆపడం. ఇంతే. కానీ బలం చూడండి. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు ఉన్న చిన్న సిలిండర్‌కి 100 బార్ ప్రెషర్ ఇస్తే దాదాపు 2 టన్నుల బరువుని లేపుతుంది. మన కారు టైర్లో ఉండేది 2 బార్ల పైచిలుకు. మన ప్రోగ్రామ్‌లో తప్పుంటే స్క్రీన్ మీద ఎర్రర్ వస్తుంది, ఇక్కడ తప్పుంటే మనిషి నలుగుతాడు.

ఈ వేసవి సెలవుల్లో ఫిల్మ్ నగర్ కింది వైపున్న ఒక షెడ్‌లో మూడు వారాలు పనిచేశాను. సినిమా సెట్లకి కదిలే ప్లాట్‌ఫామ్‌లు చేసే చోటు అది. టచ్ స్క్రీన్‌లో బొమ్మలు, బటన్లు పెట్టడం నా పని. అప్పుడు తయారవుతున్నది ఒక పడవ డెక్. మధ్యలో ఇరుసు, వెనక భాగం కింద రెండు సిలిండర్లు, చిన్నపిల్లల ఊగుడుబల్ల లాగ. ప్యానెల్ మీద ఆ సిలిండర్ల బటన్లకి ‘ఎక్స్‌టెండ్’, ‘రిట్రాక్ట్’ అని ఇంగ్లీషులో చెక్కి ఉంది.

ట్రయల్ రోజు కింద నుంచి ఎవరో “డౌన్, డౌన్!” అని అరిచారు. కెమెరా పడవ ముక్కు వైపు ఉంది, కాబట్టి వాళ్ల ఉద్దేశం ముక్కు కిందికి దిగాలని. ముక్కు దిగాలంటే వెనక భాగం లేవాలి. వెనక భాగం లేవాలంటే సిలిండర్ బయటికి రావాలి. అంటే ‘డౌన్’ అని వినగానే ‘ఎక్స్‌టెండ్’ నొక్కాలి. ఆపరేటర్ అన్న చెయ్యి బటన్ మీద నుంచి తీసేసి, “ఏది కిందికి? ముక్కా, తోకా?” అని అడిగాడు. మహా అయితే నాలుగు సెకన్లు. దానికే “ప్యానెల్ చదవడం రానోణ్ణి ఎందుకు పెట్టారు” అని అందరి ముందు మాట పడ్డాడు. ఆ టైంలో డెక్ మీద ఇద్దరు కుర్రాళ్లు పలకలు బిగిస్తున్నారు. నన్నడిగితే ఆ రోజు ఆ షెడ్‌లో సరైన పని చేసింది ఆయనొక్కడే.

ఆయనది నాగర్‌కర్నూల్ వైపు. హైడ్రాలిక్స్ గురించి నాకు తెలిసిందంతా ఆయన చెప్పిందే, అదీ తెలుగులో. కొత్త యంత్రాన్ని మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏం చెయ్యాలో మాన్యువల్‌లో పదకొండు పేజీలుంది. ఆయన నడుస్తూ నడుస్తూ చెప్పేశాడు. “పంపును ఖాళీ కడుపుతోని తిప్పొద్దు తమ్మీ, ముందుగాల దాని బాడీల ఆయిల్ పొయ్యాలె.” రిలీఫ్ వాల్వుని పూర్తిగా వదులు చేసి పెట్టాలి, ప్రెషర్‌ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. మోటరు బటన్ ఒక్క క్షణం నొక్కి వదిలేసి, ఫ్యాన్ ఎటు తిరిగిందో చూడాలి. మోటరు మీద బాణం గుర్తు ఉంటుంది, దాని వైపే తిరగాలి. ఉల్టా తిరిగితే పంపు ఆయిల్‌ని లాగదు, కాసేపట్లో పాడైపోతుంది. అప్పుడు మూడు ఫేజుల్లో ఏవైనా రెండు వైర్లు మార్చి బిగించాలి.

ఇది మీకెలా తెలుసన్నా అంటే నవ్వాడు. “బోరు మోటరు కాడ నేర్చుకోనిది ఏముంది?” నిజమే. మూడు ఫేజుల కరెంటు, స్టార్టర్ డబ్బా, ఒక ఫేజు పోతే మోటరు కాలిపోవడం, ఇవన్నీ మన రైతుకి చాలా కాలంగా తెలిసిన సంగతులు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వం చెప్పింది గుర్తుందా? ఆ మాట మీద ఊళ్లలో పెద్ద చర్చే నడిచిందట. స్టార్టర్ గురించి రచ్చబండ దగ్గర వాదించుకోగల జనం మనవాళ్లు. అలాంటి మనిషిని ‘ఎక్స్‌టెండ్’ అనే ఒక్క మాట దగ్గర ఆపేసి తెలివి లేదనడం అన్యాయం.

ఆయనకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, కూడబలుక్కుని చదువుతాడు. అసలు సమస్య ఇంగ్లీషు రాకపోవడం కూడా కాదు. ‘ఎక్స్‌టెండ్’ అనేది సిలిండర్ చేసే పని. సెట్లో ఉన్నవాళ్లకి సిలిండర్‌తో పనిలేదు, పడవతో పని. ఆ లేబుల్ రాసినవాడు యంత్రం లోపల కూర్చుని రాశాడు. తెలుగులోకి మార్చడానికి కూర్చున్నప్పుడే నాకిది కనిపించింది. ‘ఎక్స్‌టెండ్’ని ‘పొడిగించు’ అని రాద్దామంటే ఏంటి పొడిగించేది అన్న ప్రశ్న వచ్చింది. ‘ముక్కు కిందికి’, ‘ముక్కు పైకి’ అని రాస్తే ఏ ప్రశ్నా రాలేదు. అనువాదం చెయ్యాలంటే అర్థం తెలియాలి, అర్థం తెలుసుకుందామని చూస్తే అసలు లేబులే తప్పని తేలింది. ఇంగ్లీషులో ‘నోస్ డౌన్’ అని రాసినా గొడవ ఉండేది కాదు. కానీ ఇంగ్లీషులో ఉన్నంతకాలం ఎవరూ ప్రశ్నించలేదు. తెలియని భాషలో ఉన్నదాన్ని మనం సరైనదే అని నమ్మేస్తాం.

హెచ్చరికల సంగతి ఇంకా ముఖ్యం. హైడ్రాలిక్ పైపుకి సూదిమొన అంత చిల్లు పడితే అందులోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు. కానీ అది వెంటనే ఆపరేషన్ చెయ్యాల్సిన గాయం, ఆలస్యమైతే వేలో చెయ్యో పోతుంది. అందుకే లీకేజీ ఎక్కడుందో చేత్తో తడిమి చూడకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఇంకోటి, మోటరు ఆగినంత మాత్రాన పైపుల్లో ప్రెషర్ పోదు. ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ నొక్కితే మేం చేసిన డెక్ కిందికి రాదు, లాక్ వాల్వులు పట్టుకోవడం వల్ల ఉన్నచోటే ఆగిపోతుంది. అంటే గాల్లో రెండు టన్నులు వేలాడుతూ ఉంటాయి. దాని కింద దూరి పైపు విప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ మూడు ముక్కలూ ఆ ప్యానెల్ తలుపు లోపల చక్కటి ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో ఉన్నాయి. టీ తెచ్చే కుర్రాడికీ, పలకలు బిగించే కుర్రాడికీ అవి అందవు. ప్రమాదం ఎక్కువ వాళ్లకే.

2020 ఫిబ్రవరి 19 రాత్రి చెన్నై దగ్గర ‘ఇండియన్ 2’ సెట్లో క్రేన్ కూలి ముగ్గురు చనిపోయారు. అది భాష వల్ల జరిగిందని నేను అనట్లేదు, అలా అనడం తప్పు కూడా. సినిమా సెట్ అంటే పెద్ద యంత్రాల మధ్య, రాత్రిపూట, అలసిపోయిన మనుషులు పనిచేసే చోటని మాత్రం గుర్తుపెట్టుకుందాం.

చట్టం ఏమంటుందని వెతికాను. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లో, ఫ్యాక్టరీలో పెట్టాల్సిన నోటీసులు ఇంగ్లీషులోనూ, పనివాళ్లలో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలని ఉండేది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే రాసుకున్నాం! కానీ అది నోటీసుల గురించి, బటన్ల గురించి కాదు. పైగా నాలుగు రోజులు వేసి పీకేసే సెట్‌ని ఫ్యాక్టరీ అని ఎవరూ అనుకోరు. యూరప్‌లో యంత్రాల మీద 2006లో తెచ్చిన నిబంధన ప్రకారం, యంత్రాన్ని ఏ దేశంలో అమ్మితే దాని సూచనల పుస్తకం ఆ దేశపు అధికార భాషలో ఉండి తీరాలి. పోర్చుగల్‌లో జనాభా సుమారు కోటి. తెలుగువాళ్లం ఎనిమిది కోట్లకి పైనే ఉన్నాం. పోర్చుగీసు వాడికి అడగ్గానే దొరికేది మనం అడగను కూడా అడగట్లేదు.

ఇక్కడ మా లిటరరీ క్లబ్ పెద్దలతో నాకు పేచీ ఉంది. తెలుగు అనగానే ‘ద్రవచాలిత యంత్ర నియంత్రణ ఫలకం’ అంటారు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం, నాకు ఆ మాట పలకడానికే రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు పీడనం అంటారు, పాఠ్యపుస్తకానికి అది మంచి మాటే. షెడ్‌లో మాత్రం ఎవరూ అనరు, “ప్రెషర్ దిగింది” అంటారు. కాబట్టి ప్యానెల్ మీద తెలుగు అక్షరాల్లో ‘ప్రెషర్’ అనే ఉండాలి. అది ఇప్పుడు తెలుగు మాటే. పొక్లెయిన్ అనేది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు, జేసీబీ ఒక ఇంగ్లీషాయన పేరులోని పొడి అక్షరాలు. జూబ్లీహిల్స్‌లో రోజూ ఏదో ఒక బండని బ్రేకర్‌తో పగలగొడుతూ కనిపించే ఆ యంత్రాలని ఇంకే పేరుతోనైనా పిలుస్తున్నామా?

అసలు కష్టం మాటల దగ్గర కాదు, స్క్రీన్ దగ్గర వచ్చింది. మాకిచ్చిన చవక టచ్ ప్యానెల్‌లో తెలుగు ఫాంట్ ఎక్కించాను. ‘ఒత్తిడి’ అని టైప్ చేస్తే త కింద ఉండాల్సిన వత్తు ఊడి పక్కన పడింది. ఒత్తిడిలో వత్తే నిలబడలేదు! పోనీ ‘ప్రెషర్’ రాద్దామంటే ‘ప్’ వేరు, ‘రె’ వేరు అయిపోయింది. యూనికోడ్‌లో తెలుగు 1991లో మొదటి వెర్షన్ నుంచే ఉంది. మన ఫోన్లలో అక్షరాలని సరిగ్గా అతికించే హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీ ఉంటుంది, ఈ ప్యానెల్ లోపల అలాంటిదేమీ లేదు. చివరికి ప్రతి లేబుల్‌నీ ఫొటోగా చేసి అతికించాను. సంఖ్య మారినప్పుడల్లా మారాల్సిన మెసేజీలకి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ వత్తుల్లేని మాటలు వెతుక్కున్నాను. ఆపు, పైకి, కిందికి, ముక్కు కాదు కాబట్టి ముందు, తోక, వేడి, లోడు. ఇన్ని పనులు వత్తు లేకుండా జరుగుతాయని నాకు అప్పుడే తెలిసింది. కానీ ఇది సర్దుబాటే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఇంకో ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ చేసే బదులు, చిన్న ప్రాసెసర్ మీద తెలుగుని సరిగ్గా చూపించే కోడ్ రాస్తే బాగుంటుందని సీనియర్లకి నా విన్నపం.

మరి బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ల సంగతేంటి అంటారు. న్యాయమైన ప్రశ్న. మన సినిమా కూడా మద్రాసు నుంచే వచ్చింది కదా, సెట్లలో ఇప్పటికీ తమిళం వినబడుతుంది. స్క్రీన్ మీద భాష మార్చే బటన్ పెట్టడం ఐదు నిమిషాల పని. ఇంగ్లీషు తీసెయ్యమని నేను అనట్లేదు, పక్కన చోటివ్వమంటున్నాను. కొన్నింటికి అక్షరాలే అక్కర్లేదు. భారీ యంత్రాల మీద వేగానికి కుందేలు బొమ్మ, నెమ్మదికి తాబేలు బొమ్మ వేస్తారు, ప్రపంచమంతా అదే గుర్తు. మా ఆపరేటర్ అన్న దాన్ని చూసి, “మరి గెలిచేది తాబేలే కదా” అన్నాడు. ట్రయల్స్ అన్నీ తాబేలు మీదే నడిపాడు కూడా.

ఆయనతో తేలని విషయం ఒకటుంది. ఎర్ర బటన్ కింద ‘ఆపు’ అని రాయాలా, ‘ఆపండి’ అని రాయాలా? ఇంగ్లీషులో ‘స్టాప్’ అంటే ఎవరు ఎవరికి చెప్తున్నారో తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తెలుగులో తెలిసిపోతుంది. ‘ఆపండి’ అంటే ప్యానెల్ మనిషిని అడుగుతున్నట్టు. ‘ఆపు’ అంటే మనిషి యంత్రానికి చెప్తున్నట్టు. షెడ్ యజమాని ‘ఆపండి’ మర్యాదగా ఉంటుందన్నారు. ఆపరేటర్ అన్న ఒప్పుకోలేదు. “గది నా మాట, నేను మిషన్‌కు చెప్తున్న. దానికి మర్యాద ఎందుకు?” అన్నాడు. హెచ్చరికల బోర్డులో మాత్రం ‘చెయ్యి పెట్టకండి’ అని ఉండాల్సిందేనన్నాడు, అది మనిషికి చెప్పేది కాబట్టి. నేను వచ్చేసే రోజుకి ఎర్ర బటన్ కింద పాత ఇంగ్లీషు పలకే ఉంది. దాని మీద మాస్కింగ్ టేపు అంటించి, మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో ‘ఆపు’ అని ఆయనే రాసుకున్నాడు.