దుబాయి టికెట్టు చదువుడెట్ల?

మన వాడల నుంచి పిల్లలు దుబాయికి పోవుడు కొత్త కాదు. కానీ టికెట్టు చేతికి రాంగనే ఇంట్ల లెక్కలు మొదలైతయి.

షోలాపూర్ నుంచి ముంబైకి రైలు తొవ్వ 455 కిలోమీటర్లు. ముంబై నుంచి దుబాయికి విమానం తొవ్వ సుమారు 1,930. నాలుగింతలకు పైనే. అయినా రైల్లో ఏడెనిమిది గంటలు పడితే, విమానం మూడు, మూడుంబావు గంటల్లో దించుతుంది.

"తెల్లారి 4:30కు బయలుదేరి 6:10కి చేరుతుందని రాసి ఉంది, గంటా నలబై నిమిషాలేనా?" అని ఒక అక్క అడిగింది. కాదక్కా. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తరు. దుబాయి గడియారం మనకన్న గంటన్నర వెనక. అక్కడ 6:10 అంటే మనింట్ల 7:40. ప్రయాణం 3 గంటల 10 నిమిషాలు. 6:10 నుంచే ఫోను పట్టుకొని గాబరా పడొద్దు. దిగినంక ఇమిగ్రేషన్ లైను, సామాను, వీటికి ఇంకో గంట పోవచ్చు.

వచ్చేటప్పుడు ఉల్టా. రాత్రి 10కి ఎక్కితే ముంబైలో 2:20 అని ఉంటది. గాల్లో ఉండేది 2 గంటల 50 నిమిషాలే. పైన పడమటి గాలి వెనక నుంచి తోస్తది కాబట్టి రాకడ కొంచెం తొందర, చలికాలంలో మరీ.

అసలు దెబ్బ తారీఖు దగ్గర తగులుతది. టికెట్టు మీద "15వ తారీఖు, 00:40" అని ఉంటే ఏ రాత్రి? 14వ తారీఖు రాత్రి! రాత్రిపాళీకి పోయేటోళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు, పాళీ నడుమనే తారీఖు మారుతది. 15న పొద్దంతా సామాను సర్దుకొని రాత్రికి పోదామనుకుంటే విమానం పోయి ఇరవై గంటలైతది. అప్పు చేసి కొన్న టికెట్టు. సస్తా టికెట్ల పైసలు చాలావరకు వాపసు రావు. 14న రాత్రి తొమ్మిదిన్నరకే విమానాశ్రయంలో ఉండాలె. కౌంటరు మామూలుగా గంట ముందే మూస్తరు. షోలాపూర్ వాళ్లు 14 పొద్దుటి రైలుకు పోవచ్చు, 13 రాత్రి రైలైతే నిమ్మళం.

ఇంకొకటి. కొన్ని సస్తా టికెట్లు బహ్రెయిన్ మీదుగా ఉంటయి. బహ్రెయిన్ దుబాయి దాటినంక వస్తది. అంటే పూణె పోవడానికి ముంబై దాకా పోయి వెనక్కి వచ్చినట్టు! నడుమ గంటలకొద్దీ కూర్చోవాలె. అందుకే ధర ఒక్కటే చూడకుండా మొత్తం ప్రయాణం ఎన్ని గంటలో ఏజెంటును అడగండి, చెప్పేదాకా వదలొద్దు.

షార్జా విమానాశ్రయం వేరు, దుబాయిది వేరు. పిల్లగాన్ని తీసుకపోవడానికి వచ్చేటాయనకు టికెట్టు ఫొటో ముందే పంపండి.