మురుగునీటి మడుగులు - పక్షులు



గత జనవరిలో మెల్‌బోర్నులోని మా కుమారుని వద్దకు పోయి రెండు మాసములు ఉండి వచ్చితిని. విదేశము చూచి వచ్చినవారు అచ్చటి మేడలను వర్ణించుట పరిపాటి. నేను వ్రాయునది ఆ నగరపు మురుగునీరు పోవు చోటును గురించి. పాఠకులు ముక్కు మూసికొనవలదు.

నగరమునకు పడమట వెరిబీ అనుచోట, సుమారు 10,500 హెక్టార్ల ఆవరణలో, మెల్‌బోర్ను మురుగులో సగము వరకు శుద్ధియగుచున్నది. 1897 నుండి ఈ పని సాగుచున్నది. పక్షులను చూడగోరువారు అర్జీ పెట్టుకొన్నచో అనుమతి నిత్తురు. ముప్పది యేండ్లు అర్జీలతోనే గడిపినవాడను గాన ఈ ఏర్పాటు నాకు నచ్చినది. కోడలు నన్ను తీసికొనిపోయినది.

వాసన లేదని చెప్పను. కాని ఆ మడుగులనిండ నల్ల హంసలు, గూడబాతులు, వెడల్పు ముక్కుతో నీటిని జల్లెడపట్టు చారల బాతులు! బురద అంచున గుప్పెడంత ఉల్లంకి పిట్టలు గుంపులుగా పరుగులిడుచుండెను. వానిలో ఒక జాతి బరువు సుమారు ముప్పది గ్రాములట. సైబీరియాలో పిల్లలను చేసి అంతదూరము వచ్చును. ముక్కు కొన క్రిందికి వంగిన మరియొక జాతి మన చిల్కాకు కూడ వచ్చునని కోడలు పుస్తకము తెరచి చూపినది. నాకు సిగ్గు వేసినది. బరంపురమునుండి చిల్కా రెండు గంటల ప్రయాణము. కాళీజాయి దర్శనమునకు ఎన్నిమారులో పోయితిని గాని ఒక్క పిట్టవంక చూచి యెరుగను.

మురుగులోని సారమునకు పురుగు పుట్ర పెరుగును. పిట్టలకు అదియే అన్నసత్రము. చిత్తడినేలల రక్షణకైన రామ్‌సార్ జాబితాలో చిల్కా 1981లో చేరగా, ఈ మడుగులున్న తీరము 1982లోనే చేరినది.

ఇక మా పేట సంగతి. చివరనున్న చెరువులో మురుగు చేరుచున్నదని, దానిని పూడ్చి ఇంటిస్థలములు చేయవలెనని సంతకములు సేకరించుచున్నారు. ప్రయాణమునకు ముందు నేనును చేసితిని. తిరిగివచ్చిన మరునాటి ఉదయము గట్టుపై గంటసేపు నిలిచి నామకోళ్ళు, నీటికాకులు, ఉల్లంకులు మొదలైన పదునొకండు జాతులను కాగితముపై వ్రాసికొంటిని.

మురుగు చెరువులో కలియుట మంచిదని నేననను. వెరిబీలో దానిని శుద్ధి చేయుచున్నారు, మనము ఊరక వదలుచున్నాము. భేదమంతయు అచ్చటనే యున్నది. చెరువు పూడ్చిన పిదప ఆ మురుగు ఎవరి వాకిటికి పోవునో సంతకము లడుగువారు చెప్పుటలేదు. నా సంతకమును కొట్టివేయవలసినదిగా అర్జీ ఇచ్చియున్నాను. జవాబు ఇంకను రాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా
బరంపురం (ఒడిశా)