ఉపాధ్యాయుని విద్యాభ్యాసము

2025వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదిన సుప్రీముకోర్టువారు వెలువరించిన తీర్పు ఉపాధ్యాయలోకమును మిక్కిలి కలవరపఱచినది. ఎనిమిదవ తరగతివరకు బోధించుచు, ఉద్యోగకాలము ఐదేండ్లకు మించి మిగిలియుండియు, టెట్ అను అర్హతపరీక్షయందు కృతార్థులు గానివారు రెండేండ్లలో దానిని దాటవలెననియు, దాటనిచో కొలువు వీడవలసివచ్చుననియు ఆ తీర్పు సారాంశము. ఇరువదియేండ్లు పాఠము చెప్పినవారిని మరల పరీక్షకు కూర్చుండబెట్టుట న్యాయమా యని కొందఱును, పిల్లల మేలుకొఱకు ఆ మాత్రము తప్పదని కొందఱును వాదించుచున్నారు. ఆ వాదమున మేము ప్రవేశింపము. పరీక్ష ఉపాధ్యాయుని తెలివిని ఒక్క దినమున కొలువగలదు, దినదినము పెంపజాలదు. ఆ పెంపు ఎట్లు కలుగునన్నదే మాకు ముఖ్యమని తోచుచున్నది.

పథకములకు కొదువలేదు. 1986 నాటి జాతీయవిద్యావిధానము ననుసరించి జిల్లా విద్యాశిక్షణసంస్థలు వెలసినవి. 2019లో నిష్ఠ యను పేర దేశమంతట ఉపాధ్యాయులకు శిక్షణ మారంభమైనది. 2020 నాటి విధానము, ప్రతి ఉపాధ్యాయుడును ఏటేట కనీసము 50 గంటలు తన వృత్తివికాసమునకై వినియోగింపవలెనని చెప్పినది. సంకల్పము మంచిదే. కాని పెక్కుచోట్ల జరుగుచున్నదేమి? వేదికమీద నొకరు చెప్పుట, క్రింద నూఱుగురు వినుట. లేదా చరవాణితెఱపై వీడియోను నడువనిచ్చి తుదకు ధ్రువపత్రమును పొందుట. గంటలు లెక్కకు వచ్చును. మఱునాడు తరగతిలో పాతపాఠము పాతపద్ధతినే సాగును.

మన రైతు నెఱిగినవారికి ఇందు వింత లేదు. అధికారి చేసిన ఉపన్యాసము విన్నంతమాత్రమున ఏ రైతును విత్తనము మార్చడు. ప్రక్కచేనిలో పైరు చూచి, వెన్ను చేతబట్టి, ఆ చేనిరైతుతో గట్టుమీద కూర్చుండి ఖర్చువెచ్చములు మాటాడిన పిదపనే మార్చును. ఉపాధ్యాయుడును అంతే. తన బడివంటి బడిలో, తన పిల్లలవంటి పిల్లలకు తోటివాడు పాఠము చెప్పుచుండగా కన్నులార చూచిననాడే, ఇది నావలనను అగునను నమ్మకము కలుగును.

తెలుగుదేశ మీ సత్యము నెఱుగనిది కాదు. గత శతాబ్దపు తొమ్మిదవ దశాబ్దమున బ్రిటిషు ప్రభుత్వ ధనసాహాయ్యముతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమికవిద్యాపథకము కొన్ని బడులలో ప్రయోగముగా మొదలై, పిదప రాష్ట్రమంతట వ్యాపించినది. చేయుచు నేర్చుకొనుట, జట్లుగా పనిచేయుట, పిల్లవానికిని పిల్లవానికిని గల భేదమును గమనించుట, ఊరి పరిసరములనే పాఠమునకు వాడుకొనుట, పిల్లలు చేసిన పనిని గోడలపై ప్రదర్శించుట మున్నగునవి దాని సూత్రములు. ధనము పరాయిదైనను సూత్రములు మన నేలకు తగినవే. అంతకంటె ముఖ్యమైనది ఉపాధ్యాయకేంద్రము. సమీపమున నున్న బడుల ఉపాధ్యాయులు అప్పుడప్పుడచట కూడి, తాము చేసిన బోధనోపకరణములను చూపుకొని, పాఠములు చెప్పి, గుణదోషములు తర్కించుకొనుట ఆ కేంద్రముల ఉద్దేశము. పథకము ముగిసినను సమావేశములు పాఠశాలాసముదాయముల పేర నిలిచినవి. అయితే వానిలో పాఠము చెప్పుటకంటె, పైనుండి వచ్చిన ఉత్తరువులు చదువుటయు అంకెలు పోగుచేయుటయు హెచ్చైనవని ఉపాధ్యాయులే వాపోవుచున్నారు.

ఆ కూటములలో చర్చింపదగిన విషయములు లేవా? ఐదవ తరగతిలో నుండియు రెండవ తరగతి వాచకము చదువలేని పిల్లలను ఏమి చేయవలెను? రోజున కొక గంటసేపు తరగతిభేదము విడిచి, చదువగల శక్తిని బట్టి జట్లు కట్టి నేర్పు పద్ధతిని ప్రథమ్ సంస్థ పెక్కు రాష్ట్రములలో ఆచరించి చూపినది. ఒక్క గదిలో నాలుగు తరగతులున్నచో ఎట్లు? మదనపల్లె చెంత ఋషివ్యాలీవారు తమ గ్రామీణపాఠశాలలలో పాఠమును చిన్నచిన్న పత్రములుగా విభజించి, ప్రతి శిశువును తన నడకను తాను సాగునట్లు చేసిరి. ప్రశ్న వేసిన తోడనే చురుకైన బాలుని పిలువక, కొన్ని క్షణములు తాళి, అందఱిచేతను పలకలపై జవాబు వ్రాయించి పైకెత్తించినచో, ఎవరికి వచ్చినది, ఎవరికి రానిది ఒక్కచూపున తెలియును. ఎకరమునకు కోస్తాలో 100 సెంట్లనియు, తెలంగాణమున 40 గుంటలనియు రైతుబిడ్డ ఇంటనే వినియుండును. కాలెకరమునకు 25 సెంట్లో, 10 గుంటలో అగుననుట వానికి కష్టము కాదు. భిన్నములపాఠమును అక్కడనుండి ఏల మొదలిడరాదు? వీనిలో నొక్కదానికైన ధనము గాని యంత్రము గాని అక్కఱలేదు. కావలసినది తోటివారి ఎదుట చేసిచూపు ధైర్యము, దిద్దుకొను వినయము.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి సవరల భాషను తాము నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, వారి పిల్లలకు బడులు పెట్టించిరి. 1931లో ప్రకటితమైన వారి సవరవ్యాకరణము ఆ దీర్ఘకృషికి ఫలము. పిల్లలకు నేర్పబోవువాడు ముందు ఆ పిల్లలనుండి నేర్చుకొనవలెనని చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనము కావలయునా?

కనుక ప్రభుత్వములకు మా విన్నపమిది. 50 గంటలలో సగమైనను తరగతిగదిలోనే, ఒకరి పాఠము నొకరు చూచుటకు కేటాయింపుడు. సముదాయసమావేశమున ఉత్తరువులు చదువుట మాన్పింపుడు. వానిని ముందే పంపవచ్చును. ఏకోపాధ్యాయపాఠశాలలో నున్నవారికి మాటాడుటకు తోటివాడే లేడు గనుక, వారికీ కూటములు ప్రాణాధారములు. వారు వెళ్లు దినమున బడి మూతపడకుండ మఱొకరిని పంపుడు. 2009 నాటి విద్యాహక్కుచట్టము 27వ విభాగమున జనగణనకు, విపత్తుసహాయమునకు, ఎన్నికలకు దప్ప ఉపాధ్యాయుని బోధనేతరకార్యములలో నియోగింపరాదని విధించినది. చట్టము మాటను ప్రభుత్వములే పాటింపకున్న మఱెవరు పాటింతురు?

ఊరిపెద్దలకును, పట్టణవాసులకును ఒక్క మాట. బడికి వెళ్లినపుడు ఎందఱు ఉత్తీర్ణులైరని మాత్రమే అడుగకుడు. ఈ నెల ఎవరి పాఠము నెవరు చూచిరి, ఏమి మార్చుకొనిరి యని అడుగుడు. ఉపాధ్యాయసోదరులకును మా మనవి యొకటి కలదు. మీ గది తలుపు తోటి ఉపాధ్యాయునకు తెఱచియుంచుడు. తాను నేర్చుకొనుట మానిన గురువువద్ద శిష్యునకు దొరకునది నిన్నటి చద్దియే. మన బిడ్డలు బ్రతుకవలసినది రేపటి లోకమున.