రక్త క్యాన్సర్లలో వైరస్ వేసే రక్తనాళాల బాట

క్యాన్సర్ గడ్డ పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలని 1971లో అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించారు. రక్తంలోనే తిరిగే క్యాన్సర్ కణాలకు ఆ అవసరమేమిటన్న సందేహం సహజం. కానీ ఆ కణాలు ఎముక మజ్జలోనూ లింఫు గ్రంథుల్లోనూ స్థిరపడి పెరుగుతాయి. అక్కడ వాటికీ ఆక్సిజన్, పోషకాలు కావాలి. మల్టిపుల్ మైలోమా రోగుల మజ్జలో నాళాలు దట్టంగా ఉంటాయని 1990లలోనే తేలింది.

కొన్ని రక్త క్యాన్సర్లలో ఈ పనికి వైరస్ తోడవుతుంది. 1994లో గుర్తించిన కపోసి సార్కోమా హెర్పిస్ వైరస్ ఇందుకు మంచి ఉదాహరణ. మన కణాల్లోని గ్రాహకాన్ని పోలిన ప్రొటీన్‌ ఒకటి దాని దగ్గర ఉంది. బయటి నుంచి సంకేతం అందకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. నాళాలను పెంచే వీఈజీఎఫ్ ప్రొటీన్ ఉత్పత్తిని ఎక్కువ చేస్తుంది. ఈ వైరస్ వల్ల వచ్చే ఒక అరుదైన లింఫోమాలో సాధారణంగా గడ్డ కనిపించదు, ఛాతీలోనో పొట్టలోనో నీరు చేరుతుంది. నాళాల గోడల నుంచి ద్రవం కారేలా చేయడం కూడా వీఈజీఎఫ్ పనే. ఎలుకలపై ప్రయోగాల్లో దాన్ని అడ్డుకుంటే నీరు చేరడం ఆగింది. హెచ్‌టీఎల్‌వీ-1 వల్ల వచ్చే ల్యుకేమియా కణాలూ వీఈజీఎఫ్‌ను విడుదల చేస్తాయి.

అలాగైతే నాళాలను అడ్డుకునే మందు ఇస్తే సరిపోదా? పెద్దపేగు క్యాన్సర్‌కు 2004లో అమెరికాలో అనుమతి పొందిన బెవాసిజుమాబ్‌ను ఒక సాధారణ రకం లింఫోమాలో మామూలు చికిత్సకు జోడించి చూశారు. అదనపు మేలు కనిపించలేదు, గుండెకు హాని మాత్రం పెరిగింది. ఆ రోగులను వైరస్ ఆధారంగా ఎంపిక చేయలేదు. కాబట్టి వైరస్ క్యాన్సర్లపై అది తుది తీర్పు కాదు. అయితే ఏ రోగిలో నాళాల పెరుగుదలను ఏది నడిపిస్తోందో తెలుసుకోకుండా అందరికీ ఒకే మందు వాడటం సరికాదని మాత్రం నేర్పింది.

మన దేశానికి ఇది దూరపు విషయం కాదు. హాడ్జ్‌కిన్ లింఫోమా సోకిన భారతీయ పిల్లల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ జాడ ఎక్కువగా కనిపిస్తుందని ఇక్కడి అధ్యయనాలు చెబుతున్నాయి. బయాప్సీ ముక్కలోనే ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏను గుర్తించే పరీక్ష ఉంది. ఫలితం ఏదైనా నేటి చికిత్స పెద్దగా మారదు కదా అని కొందరు అడగవచ్చు. నిజమే. కానీ ఎవరి క్యాన్సర్ వెనుక వైరస్ ఉందో నమోదు చేయకపోతే రేపటి మందులను ఎవరిపై పరీక్షిస్తాం?

నివారణకూ ఇదే దారి. హెచ్‌టీఎల్‌వీ-1 తల్లిపాల ద్వారా బిడ్డకు చేరుతుందని తెలిశాక జపాన్‌లోని నాగసాకిలో 1987లో గర్భిణులకు పరీక్షలు మొదలుపెట్టారు. 2011 నాటికి వాటిని దేశమంతటికీ విస్తరించారు. నాళాలను మూసే మందులపై పరిశోధన సాగాల్సిందే. దానికంటే ముందు, వైరస్ పరీక్ష పెద్ద నగరాల క్యాన్సర్ ఆసుపత్రులకే పరిమితం కాకుండా ప్రతి ప్రభుత్వ క్యాన్సర్ కేంద్రంలోనూ లింఫోమా నిర్ధారణలో భాగం కావాలి.