నలభై శాతం గీత

“సర్టిఫికెట్ చూపనిదే వైకల్యం ఉందని మేమెట్లా నమ్మడం?” అని మన కాలేజీ పెద్దలు అడుగుతూంటారు. చూడబోతే ప్రశ్న న్యాయంగానే ఉంది. కాని దాన్ని ఎవరిని అడుగుతున్నారో, ఎవరిని అడగడం లేదో గమనిస్తే అందులోని అన్యాయం బయటపడుతుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. పరీక్షల్లో అదనపు సమయం, రాతసహాయకుడు వంటి ఏర్పాట్లు చేయడం ప్రభుత్వ బాధ్యత అన్నది. ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్‌కు మాత్రం 40 శాతం వైకల్యం ఉండాలని గీత గీసింది. సీట్లు లెక్కకు మించి లేవు గనుక అక్కడ గీత ఎందుకో అర్థమవుతుంది. ఆ గీతను పరీక్ష హాల్లోకి మోసుకు రావడమెందుకు? ఒకరికి గంటకు 20 నిమిషాలు ఎక్కువిస్తే పక్కవాడి గడియారంలో 20 నిమిషాలు తరిగిపోతాయా?

వికాస్ కుమార్ కేసు ఈ అవకతవకను బట్టబయలు చేసింది. కలం పట్టి రాయబోతే చేయి బిగుసుకుపోయే జబ్బు ఆయనది. వైద్యులు కట్టిన లెక్క 6 శాతం. రాత తప్ప మరో దారిలేని పరీక్షలో ఆ 6 శాతమే నూటికి నూరవుతుంది! సివిల్ సర్వీసు పరీక్షలో రాతసహాయకుణ్ణి నిరాకరిస్తే ఆయన సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. ఈ హక్కుకు 40 శాతంతో నిమిత్తం లేదని 2021 ఫిబ్రవరి 11న కోర్టు తీర్పు చెప్పింది. 2022 ఆగస్టులో కేంద్రం అందుకు మార్గదర్శకాలు వెలువరించింది. గీత చెరిగింది, దాని స్థానంలో మరో వైద్య ధ్రువపత్రం వచ్చి కూర్చుంది.

ఈ కాగితం ఎవరికి సులభం? పట్నంలో నిపుణుడికి ఫీజు కట్టగలవారికి. ఒకరోజు కూలి పోగొట్టుకున్న తండ్రిని తోడు తెచ్చుకొని సదరం శిబిరంలో పడిగాపులు పడేవాడికి కాదు. అక్షరాలు కూడబలుక్కోలేకపోతే కలిగినవారి బిడ్డకు డిస్లెక్సియా. లేనివారి బిడ్డకు మొద్దు అన్న బిరుదు. రోగనిర్ధారణలోనూ వర్గమే పనిచేస్తున్నది.

దొంగలు దూరతారంటారా? దూరవచ్చు, పట్టుకోవలసిందే. కాని ఒకసారి పరీక్షించడం జాగ్రత్త; మానని వైకల్యాన్ని పరీక్ష పరీక్షకూ మళ్ళీ రుజువు చెయ్యమనడం శిక్ష. దొంగను పట్టే ఖర్చంతా నిజాయితీపరుడి నెత్తిన రుద్దడం ఏ నీతి?

మరి మెట్లెక్కితే గాని చేరలేని తరగతి గదుల కాలేజీ, చూపులేనివారు చదువుకోగల పుస్తకం ఒక్కటీ లేని గ్రంథాలయం ఏ సర్టిఫికెట్ చూపాయి? రుజువు భారం వాటిది కావాలి. కాగితం వచ్చేదాకా పాఠం చెప్పే అధ్యాపకుని మాట మీద సదుపాయం కల్పించాలి. వచ్చిన కాగితం చదువు ముగిసేదాకా చెల్లాలి. దాన్ని సంపాదించే ఖర్చు సంస్థే భరించాలి. అధ్యాపక, విద్యార్థి సంఘాలు వీటిని తమ కోర్కెల పట్టికలో చేర్చనంతకాలం, వికలాంగ విద్యార్థి ఒంటరిగా క్యూలో నిలబడే ఉంటాడు. ఆ క్యూకి మన మౌనం కూడా కారణమే.