సంతకం మనది, సంపాదన ఎవరిది?



ఎప్పుడూ మన గడప తొక్కని ఒకాయన ఒకరోజు ఇంటికొస్తాడు. మంచం మీద కూర్చుని టీ కూడా తాగుతాడు. "నీకు ఎస్టీ సర్టిఫికెట్ ఉంది కదరా, నీ పేరు మీద యూనిట్ పెడదాం. పెట్టుబడి నాది, ఆఫీసుల చుట్టూ తిరిగేదీ నేనే. నువ్వు సంతకాలు పెడితే చాలు, నెలకింత ఇస్తా" అంటాడు. ఇలాంటి మాట మీరు గానీ, మీ స్నేహితులు గానీ వినే ఉంటారు. చేతిలో పని లేనప్పుడు ఆ మాట తీయగానే ఉంటుంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ఇబ్రహీంపట్నాన్నే తీసుకోండి. ఇది ఏజెన్సీ కాదు, మైదానం. యానాదులు, ఎరుకలు, సుగాలీలు ఈ ప్రాంతంలో అక్కడో కాలనీ, ఇక్కడో తండాగా చెదిరి ఉన్నారు. ఊరి నెత్తిన విటిపిఎస్ ఉంది. 2,560 మెగావాట్ల కరెంటు తీయగల ప్లాంటు. మన దేశపు బొగ్గు వంద టన్నులు కాలిస్తే ముప్పై, నలభై టన్నుల బూడిద మిగులుతుంది. ఆ బూడిద మన రేకుల మీద, ఆరేసిన బట్టల మీద, పిల్లల ఊపిరితిత్తుల్లో పడుతుంది. అదే బూడిద ఇంకొకరికి ముడిసరుకు. దానికి క్రషర్ డస్టు, సున్నం, జిప్సం గానీ సిమెంటు గానీ కలిపి, మిషన్‌లో నొక్కి, రెండు మూడు వారాలు నీళ్లు పడితే ఇటుక తయారు. బట్టీ అక్కర్లేదు, కాల్చే పని లేదు. బూడిద, సున్నం, జిప్సంతో ఇటుక చేసే ఈ పద్ధతిని దేశమంతా పాకించింది మన విశాఖ పరిశోధకులే, భానుమతిదాస్, కాళిదాస్.

మరి ఈ వ్యాపారంలో మనమెక్కడ? ఇటుక మోసే దగ్గర, లారీకి లోడెత్తే దగ్గర. యజమాని కుర్చీలో మనవాడు కనిపించడం అరుదు. కనిపించినా, ఆ కుర్చీ నిజంగా అతనిదేనా అని అడగాల్సి వస్తోంది.

ఇంటికొచ్చిన ఆ పెద్దమనిషికి మన సంతకం ఎందుకంత ముద్దో లెక్క వేసి చూద్దాం. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అదే పిఎంఈజీపీ కింద ఎస్టీ అభ్యర్థి సొంత వాటా 5 శాతం పెడితే చాలు. సబ్సిడీ గ్రామంలో 35 శాతం, పట్టణంలో 25 శాతం. పది లక్షల యూనిట్ అనుకోండి. మీరు తెచ్చేది యాభై వేలు, బ్యాంకు ఇచ్చేది తొమ్మిదిన్నర లక్షలు. పల్లెలో పెడితే అందులో మూడున్నర లక్షలు సబ్సిడీ. ఇక్కడొక మెలిక ఉంది. ఇబ్రహీంపట్నం ఇప్పుడు కొండపల్లి మున్సిపాలిటీలో భాగం, కాబట్టి అక్కడ పెడితే 25 శాతమే. పక్కనున్న పంచాయతీ గ్రామంలో పెడితే 35. స్థలం మాట్లాడుకునే ముందే ఇది చూసుకోండి.

ఇంకో సంగతి. ఆ సబ్సిడీ చేతికి రాదు. మీ పేరున డిపాజిట్‌గా మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది. యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాకే అప్పులో జమ అవుతుంది. ఆ పెద్దమనిషి రెండో ఏడు మిషన్ అమ్ముకుని పోతే? సబ్సిడీ రాదు, అప్పు మీ పేరున నిలబడుతుంది. రేపు మీరు నిజంగా ఏదైనా పెట్టుకుందామని వెళ్తే, ఎగవేతదారుడివని ఏ బ్యాంకూ రానివ్వదు. పైగా 2016లో సవరించిన బినామీ చట్టం కింద డబ్బు పెట్టినవాడికే కాదు, పేరిచ్చినవాడికీ ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. నెలకిచ్చే ఆ కాసిని డబ్బులు దీనికి సరిపోతాయా?

"మరి మాకు డబ్బెవరిస్తారన్నా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. పది లక్షల లోపు చిన్న పరిశ్రమ రుణానికి ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. మేనేజర్ నోటితో కాదంటే కాగితం మీద రాసిమ్మనండి. ఒక్కరే వెళ్లకండి, నలుగురు కలిసి వెళ్లండి. సొంత వాటా యాభై వేలకి అమ్మ డ్వాక్రా సంఘం ఉండనే ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి రూపాయి ఖర్చు లేదు, దానికి బ్రోకర్‌కి వేలు పోయకండి.

కానీ అప్పు కంటే ముందు పని. ఆరు నెలలు ఏదైనా ఇటుకల యూనిట్‌లో కళ్లు తెరిచి పని చేయండి. బూడిద లోడు కిరాయి ఎంత పడుతోంది, వెయ్యి ఇటుకల్లో ఎన్ని విరుగుతున్నాయి, వర్షాకాలంలో ఎన్ని రోజులు ఖాళీ, అన్నీ నోటుపుస్తకంలో రాసుకోండి. ముఖ్యంగా అరువు సంగతి చూడండి. ఇటుక అమ్ముడుపోతుంది, డబ్బు రాదు. మేస్త్రీ "బిల్లు రాగానే ఇస్తా" అంటాడు, ఈలోగా శనివారం కూలీలకి మీరే ఇవ్వాలి. కొత్త యూనిట్లు చాలావరకు మునిగేది ఇక్కడే. అందుకే మొత్తం అప్పు మిషన్ మీదే పెట్టకండి. మూడు నెలలు నడిపేంత డబ్బు చేతిలో ఉంచుకోండి.

అమ్ముకునే చోటు కూడా వెతకాలి. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్ల నుంచి కొనాలన్నది ప్రభుత్వ విధానం. బెజవాడలో రైల్వే ఉంది, కొండపల్లిలో ఆయిల్ కంపెనీల డిపోలు ఉన్నాయి. ఇటుకే కానక్కర్లేదు, వాళ్లకి ఏం కావాలో కనుక్కుని అదే మొదలుపెట్టవచ్చు. భాగస్వాములతో పెడితే ఎస్టీల వాటా కనీసం 51 శాతం ఉండాలి. కాగితం మీద ఒక్కటే కాదు, చెక్కుబుక్కు మీ చేతిలో ఉండాలి, లెక్కలు మీకు తెలియాలి.

అధికారులనూ ఒకటి అడుగుదాం. ఎస్టీల పేరున మంజూరైన ప్రతి యూనిట్‌కీ వెళ్లి చూడండి. గల్లాపెట్టె తాళం ఎవరి దగ్గరుందో బయటపెట్టండి.

ఆ సర్టిఫికెట్ మన తాతల కష్టానికి, వాళ్లు పడ్డ అవమానానికి దక్కిన కాగితం. అద్దెకిచ్చేది కాదు. చిన్నదైనా సరే, ఇటుకల బండి అయినా సరే, మనదే పెడదాం. ఈసారి ఆ పెద్దమనిషి వస్తే టీ ఇవ్వండి. సంతకం మాత్రం ఇవ్వకండి.